ఏరు దాటిన పిమ్మట తెప్ప

వైద్యరక్షణ సామగ్రి – స్వదేశ పరిశ్రమ – శాసనము
(ఒక పఠనమందిరమున జరిగిన సభలో చేసిన యుపన్యాసము)



నేడు మేము ప్రస్తావింప దలచిన విషయము పైకి జూచుటకు మిక్కిలి అల్పమైనది. ముక్కునకును నోటికిని అడ్డముగా గట్టుకొను మాస్కు, చేతులకు తొడుగుకొను గ్లౌజులు, తల మొదలు పాదముల వఱకు దేహమును గప్పు అంగీ, కన్నులకు పెట్టుకొను అద్దములు, ఇవియే ఆ వస్తువులు. వీనినన్నిటిని గలిపి పి.పి.ఇ. కిట్టు అని పిలుచుట 2020వ సంవత్సరమున మన పల్లెలలోని వృద్ధులు సైతము నేర్చిరి. ఒకసారి వాడి పాఱవేయు వస్తువులను గూర్చి శాసనమేల, సభయేల యని మీలో కొందఱకు తోచవచ్చును. వీనిని ధరించువారెవరో తలచుకొన్నచో విషయపు గురుత్వము తెలియును. అంటువ్యాధి ప్రబలినప్పుడు మనమందఱము తలుపులు మూసికొని యింట గూర్చుందుము. ఆ వేళ రోగి మంచము కడకు పోవువారు నర్సులు, వైద్యులు, ఆసుపత్రి నూడ్చు కార్మికులు, ఇల్లిల్లు తిరుగు ఆశా కార్యకర్తలు. వారిని రక్షణ లేకుండ పంపుట డాలు లేని భటుని యుద్ధమునకు పంపుట వంటిది.

వస్త్రము నేయుట నేతగాని పని, రోగము కుదుర్చుట వైద్యుని పని, ఇందు న్యాయవాదులకేమి పని యని మీరడుగవచ్చును. ఆ వస్త్రమును ఎవరు కొనవలెను, ఎంతకాలము కొనవలెను, ఏ నాణ్యము గలదానిని కొనవలెను అను ప్రశ్నలకు సమాధానము చెప్పునది ఒప్పందము. ఆ ఒప్పందమునకు కట్టుబాటు శాసనము. ఈ పరిశ్రమ మన దేశమున నిలుచుటయో నశించుటయో యంత్రముల కంటె ఎక్కువగా కొనుగోలు ఒప్పందములపై ఆధారపడి యున్నదని మా నిశ్చితాభిప్రాయము. దానినే నేడు మీకు విన్నవింప వచ్చితిమి.

2020వ సంవత్సరపు అనుభవము

జరిగినదానిని ముందుగా జ్ఞప్తికి దెచ్చుకొందము. 2020 జనవరి 30వ తేదీన కేరళయందు మన దేశపు మొదటి కోవిడు రోగి బయల్పడెను. మఱునాడే విదేశవాణిజ్య డైరక్టరు జనరలు రక్షణవస్త్రములను, మాస్కులను ఎగుమతి చేయరాదని ఉత్తరువు చేసెను. ఫిబ్రవరిలో ఆ నిషేధమును కొంత సడలించి, మార్చిలో మరల బిగించిరి. మార్చి 13వ తేదీన మాస్కులను, చేతులు శుభ్రపఱచు శానిటైజరును 1955వ సంవత్సరపు నిత్యావసర వస్తువుల చట్టము క్రిందికి దెచ్చిరి. పిమ్మట మూడుపొరల మాస్కునకు 10 రూపాయలు, రెండుపొరల దానికి 8 రూపాయలు గరిష్ఠపు ధరగా నిర్ణయించిరి.

నిషేధించుటయు, ధర కట్టుటయు ఉన్న సరకును నలుగురికి పంచుటకు మాత్రమే పనికివచ్చును. లేని సరకును పుట్టింపజాలవు. రక్తము మున్నగు ద్రవములు లోనికి చొరకుండ దేహమునంతను గప్పు వైద్యపు అంగీని ఆనాటికి మన దేశమున తయారుచేయువారు లేరనియే చెప్పదగును. ప్రపంచమున వాడు మాస్కులలో సుమారు సగము చైనాయందే తయారగుచుండెను. ఆ చైనాయే మొదట రోగపీడితమై తన సరకును తానే వాడుకొనవలసి వచ్చెను. తక్కిన దేశములు ఒకదాని వెంట నొకటి ఎగుమతులను ఆపివేసెను. డబ్బు చేతిలో నున్నను వస్తువు దొరకని దినములవి. మన దేశమున కొన్ని ఆసుపత్రులలో వైద్యులు వానకోటులు తొడుగుకొని రోగులను జూచిరి. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లను సామెత మన పెద్దలు ఇట్టి సందర్భమునకే చెప్పియుందురు.

అయినను ఆ బావిలో నీరు పడెను. చొక్కాలు, లోదుస్తులు కుట్టుచుండిన బెంగుళూరు, తిరుప్పూరు, కోయంబత్తూరు, లూధియానా పట్టణముల కర్మాగారములు వైద్యపు అంగీలను కుట్ట నారంభించెను. వస్త్రమున్నంత మాత్రమున పని జరుగలేదు. కుట్టుసూది చేసిన ప్రతి రంధ్రము రోగక్రిమికి ద్వారము. ఆ కుట్టుపై వేడిగాలితో అంటించు పట్టీ కావలెను. ఆ పట్టీయును, దానిని అంటించు యంత్రమును మన కఱవయ్యెను. కోయంబత్తూరునందలి దక్షిణభారత వస్త్రపరిశోధన సంఘమువారు, గ్వాలియరునందలి రక్షణశాఖ ప్రయోగశాలవారు కృత్రిమ రక్తమును ఒత్తిడితో గ్రుమ్మరించి వస్త్రమును, కుట్టును పరీక్షించి యోగ్యతాపత్రము లిచ్చిరి. కేంద్రప్రభుత్వపు సంస్థయగు హెచ్.ఎల్.ఎల్. లైఫ్‌కేరు దేశమంతటి పక్షమున కొనుగోళ్ళు జరిపెను. రెండు మాసములు గడచునప్పటికి, అనగా మే నెల నడుమకు, దినమునకు 4 లక్షలకు పైగా అంగీలు తయారగుచున్నవనియు, ఈ వస్తువు తయారీలో చైనా తరువాత మన దేశమే నిలిచినదనియు ప్రభుత్వము ప్రకటించెను. జూన్ నెలాఖరున నెలకు 50 లక్షల పరిమితితో ఎగుమతికి అనుమతి యిచ్చి, ఆగస్టులో ఆ పరిమితిని గూడ తొలగించిరి.

ఈ యద్భుతమునకు కారణము మనవారి చేతిపనితనమని చాలమంది చెప్పిరి. అది సత్యమే. కాని ఆ చేతిపనితనము జనవరిలోను ఉండెను గదా! అప్పుడు లేక ఏప్రిలునందు వచ్చినది మఱియొకటి కలదు. ఇంత సరకు కొందుము, పరీక్షలో నెగ్గిన దానిని తప్పక కొందుము, డబ్బిత్తుము అని ఒక కొనుగోలుదారు నిలువబడి చెప్పెను. ఆ మాట విన్న పిమ్మటనే బ్యాంకు అప్పిచ్చెను, యజమాని యంత్రము తెచ్చెను, కుట్టువారికి పని దొరకెను. ఆశ్చర్యపడి ఊరకుండుటకంటె ఈ పాఠమును గుర్తుంచుకొనుట మేలు.

ఏరు దాటిన తరువాత

ఏరు దాటి తెప్ప తగులబెట్టిన వాని కథ మీరెఱుగుదురు. వ్యాధి తగ్గుముఖము పట్టుటకు ముందే కొనుగోళ్ళు మందగించెను. చేసినవారి సంఖ్య పెరిగియుండుటచే ధరలు పడిపోయెను. అప్పు చేసి యంత్రములు కొన్నవారిలో పలువురు మరల చొక్కాలు కుట్టుటకు మరలిరి. వారిని నిందించుటకు వీలులేదు. కొనువాడు లేని వస్తువును దేశభక్తికొఱకై సంవత్సరముల తరబడి చేయుచుండుమని ఏ గృహస్థునకును మనము చెప్పజాలము.

ఈ దురవస్థ మన దేశమునకే ప్రత్యేకమైనది కాదు. అమెరికాయందు టెక్సాసు రాష్ట్రమున ప్రెస్టీజ్ అమెరిటెక్ అను మాస్కుల సంస్థ కలదు. 2009వ సంవత్సరమున ఇన్‌ఫ్లుయెంజా ప్రబలినప్పుడు ఆ దేశపు ఆసుపత్రులు ఈ సంస్థను ఆశ్రయించెను. యజమానులు యంత్రములు పెంచి, క్రొత్తగా పనివారిని జేర్చుకొనిరి. వ్యాధి తగ్గినంతనే ఆ కొనుగోలుదారులే చౌకయైన విదేశపు సరకునకు మరలిపోగా, సంస్థ దివాలా అంచునకు చేరెను. 2020 మే నెలలో ఆ సంస్థ ప్రముఖుడొకడు అమెరికా ప్రతినిధిసభ ఉపసంఘమునెదుట ఈ సంగతిని సాక్ష్యముగా జెప్పెను. పదునొకండేండ్లు గడచినను ఆ సంపన్నదేశము పాఠము నేర్వలేదన్నచో, అది వ్యక్తుల అజాగ్రత్త యనుకొనరాదు. ఈ పరిశ్రమ స్వభావమునందే యొక చిక్కు కలదు.

పరిశ్రమ స్వభావము

ఆ చిక్కేమో కొంచెము విచారింతము. 1910వ సంవత్సరాంతమున మంచూరియాయందు ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగి సుమారు 60 వేలమందిని బలిగొన్నది. పినాంగున బుట్టి కేంబ్రిడ్జిలో చదివిన ఊ లియెన్-టే అను చీనా వైద్యుడు అది గాలిద్వారా సంక్రమించుచున్నదని గ్రహించి, పలుచని గుడ్డ మడతల నడుమ దూది పెట్టి ముక్కునకు నోటికి గట్టుకొనుమని అందఱకు బోధించెను. ఆయన మాటను లక్ష్యపెట్టక మాస్కు లేకుండ రోగులను జూచిన ఫ్రెంచి వైద్యుడు మెనీ కొద్ది దినములలో ఆ వ్యాధిచేతనే మరణించెను. నేటి వైద్యపు మాస్కుకు గల మూలములలో ఆసియా ఖండపు వైద్యుడు కట్టించిన ఆ గుడ్డ యొకటి.

ఆనాటి మాస్కును ఏ యింటనైనను చేసికొనవచ్చును. గుడ్డయు దూదియు ఉన్న చాలును. నేటి మాస్కు అట్టిది కాదు. పైనొకటి క్రిందనొకటి పొరలుండగా నడుమ నుండు పొరయే దాని ప్రాణము. పాలీప్రొపిలీను అను ప్లాస్టిక్కును కరగించి, వేడిగాలితో ఊది, మిల్లీమీటరులో వేయవవంతు పరిమాణపు సన్నని నూలుపోగులుగా జేసి ఆ పొరను తయారుచేయుదురు. దానికి విద్యుదావేశము గల్పించినచో సూక్ష్మకణములను లాగి పట్టుకొనును. దీనినే మెల్ట్‌బ్లోన్ వస్త్రమందురు. ఆ యంత్రము ఖరీదైనది, దానిని నడుపుట నేర్పరుల పని. 2020లో ప్రపంచమంతట ఈ పొరకే కఱవు వచ్చి దాని ధర ఆకాశమంటినది. ముడిపదార్థమగు పాలీప్రొపిలీను జామ్‌నగరు, పానిపట్టు మున్నగుచోట్ల మన చమురు శుద్ధికర్మాగారముల కడ లభించుచునే యున్నది. గ్లౌజుల మాట వేఱు. వానిని చేయుటలో 2020 నాటికి మలేషియా ప్రపంచమున సగమునకు పైగా వాటా సంపాదించుకొని యుండెను. కేరళ రబ్బరు మనకున్నను నైట్రైలు గ్లౌజులకు కావలసిన రసాయనములకు మనము పరులపై ఆధారపడవలసి యున్నది.

కనుక ఈ పరిశ్రమకు మూడు లక్షణములు గలవు. మొదటిది, సుఖకాలమున గిరాకి స్వల్పము, ఆపత్కాలమున అపారము. రెండవది, సరకును చిరకాలము దాచుటకు వీలులేదు. ఏండ్లు గడచిన మాస్కు పట్టీ తెగును, పొర శక్తి తగ్గును. మూడవది, తుదివస్తువును కుట్టుట సులభము, నడిమి పదార్థమును జేయుట కష్టము. ఇట్టి పరిశ్రమను కేవలము అంగడి ధరకు వదలినచో, సుఖకాలమున చౌకయైన చోటికే పోవును, ఆపత్కాలమున అచటనే చిక్కుకొనును. కొనుగోలుదారు ముందుగానే మాట యిచ్చి నిలుపవలయును. పలువురు కొనుగోలుదారుల మాటను ఒక్కటిగా కట్టునది శాసనము.

అమెరికావారి శాసనము

ఈ సత్యమును గ్రహించి అమెరికావారు 2021వ సంవత్సరమున ఒక శాసనము చేసిరి. పోర్ట్‌మన్, పీటర్సు అను ఇరువురు సెనేటరులు, ఒకరు రిపబ్లికను పక్షమువారు, మఱియొకరు డెమోక్రాటిక్ పక్షమువారు, కలసి దీనిని ప్రతిపాదించిరి. రహదారులు, వంతెనలు మొదలగు వానికై చేసిన పెద్ద శాసనమున నొక భాగముగా నవంబరు 15వ తేదీన అధ్యక్షుడు బైడెను దానిపై సంతకము చేసెను. స్వదేశసురక్ష, ఆరోగ్య, మాజీసైనిక శాఖలు మూడును తాము కొను రక్షణసామగ్రికి చేసికొను ఒప్పందములు రెండు సంవత్సరములకు తక్కువ కాకుండ ఉండవలెననియు, ఆ సామగ్రియేగాక దాని పదార్థములు, విడిభాగములు గూడ అమెరికాయందే పుట్టినవై యుండవలెననియు ఆ శాసనము విధించుచున్నది. మాస్కులు, గ్లౌజులు, అంగీలు, ముఖపు అద్దములు, తల పాదముల తొడుగులు అన్నియు దాని నిర్వచనమున చేరినవి. తగిన నాణ్యముతో, తగిన మొత్తమున, అంగడి ధరకు దేశమున దొరకనిచో మినహాయింపు కలదు. అత్యవసరమున మినహాయింపును వాడుకొను అధికారి 120 దినముల కొకసారి దాని యవసరమును ధ్రువపఱుపవలెను.

ఈ శాసనమున మెచ్చదగినవి రెండు. ఒప్పందమునకు కాలావధి పెట్టుట మొదటిది. రెండేండ్ల కొనుగోలు నిశ్చయమైనచో యంత్రమునకు అప్పు పుట్టును. ముడిపదార్థమును గూడ చేర్చుట రెండవది. పరదేశపు వస్త్రమును దెచ్చి ఇచట కుట్టి స్వదేశమని ముద్ర వేయుటకు అందు అవకాశము తక్కువ.

లోపములును కలవు. ఆ దేశమున ఆసుపత్రులలో అధికభాగము ప్రైవేటువారివి, ధర్మసంస్థలవి. వారిని ఈ శాసనము బంధింపదు. మూడు శాఖలు మాత్రమే మంచి కొనుగోలుదారులై, తక్కిన దేశమంతయు చౌకసరకునే కొనుచున్నచో పరిశ్రమకు గాలి చాలదు. అదియుగాక శాసనము కొంత యాలస్యముగా వచ్చెను. 2020లో ఉత్సాహముతో వెలసిన అమెరికా మాస్కుల కర్మాగారములలో పెక్కు, శాసనము అమలులోనికి వచ్చునప్పటికే మూతపడెను. వైద్యుడు సమయమునకు రాకున్నచో మందు మంచిదైనను ఫలమేమి? ఈ రెండు లోపములను మనము మనసున నుంచుకొనవలెను.

మన యుత్తరువులు

ఇక మన దేశపు సంగతి. ప్రభుత్వపు కొనుగోళ్ళలో స్వదేశపు సరకునకు ప్రాధాన్యమీయవలెనని కేంద్రప్రభుత్వము 2017 జూన్ 15వ తేదీన ఒక ఉత్తరువు చేసి, 2020లో దానిని సవరించెను. సరకు విలువలో 50 వంతులు మొదలు స్వదేశమున జేరినచో మొదటి తరగతి యనియు, 20 వంతులు మొదలు చేరినచో రెండవ తరగతి యనియు విభజించిరి. 200 కోట్ల రూపాయలలోపు టెండర్లకు సామాన్యముగా విదేశీయులను పిలువరాదనియు నియమించిరి. ఇది శ్లాఘనీయమే. కాని ఇది శాసనము గాదు, కార్యనిర్వాహకవర్గపు ఉత్తరువు. ఒక మంత్రివర్గము చేసినదానిని మఱియొక మంత్రివర్గము ఒక్క కాగితముతో మార్పవచ్చును. సగము విలువ స్వదేశీయమైన చాలునన్నచో, కుట్టుకూలియు, పైపొరలును, పెట్టెయు మనవియై, నడిమి పొర మాత్రము పరదేశమునుండి వచ్చినను మొదటి తరగతి దక్కవచ్చును. ఆపద వచ్చినప్పుడు కఱవయ్యేది ఆ నడిమి పొరయే. ఒప్పందము ఇంతకాలముండవలెనను నియమము ఆ యుత్తరువున లేదు.

కొనుగోళ్ళకు దేశవ్యాప్తమైన శాసనము చేయవలెనను ప్రయత్నము జరుగకపోలేదు. 2012 మే నెలలో ప్రభుత్వపు కొనుగోళ్ళ బిల్లు లోకసభలో ప్రవేశపెట్టబడెను. 2014లో సభ రద్దగుటతో అదియు రద్దయ్యెను. ఆ బిల్లు శాసనమై యుండినచో 2020లో మన చేతికొక సాధనముండెడిది.

ప్రోత్సాహకపు పథకములు గలవు గదా యనవచ్చును. 2020 మార్చిలో వైద్యపరికరముల తయారీకి 3,420 కోట్ల రూపాయల ప్రోత్సాహమును మంజూరు చేసిరి. క్యాన్సరు చికిత్స, ఎక్సురే మొదలగు చిత్రణయంత్రములు, మత్తు, గుండె, మూత్రపిండముల చికిత్సోపకరణములు, దేహమున నమర్చు పరికరములు దాని లక్ష్యములు. మాస్కునకు ఆ జాబితాలో తావులేదు. 2021లో కృత్రిమనూలు వస్త్రములకును, సాంకేతిక వస్త్రములకును 10,683 కోట్ల పథకము వచ్చెను. దానిలో జేరుటకు ఆనాడు కనీసము 100 కోట్ల పెట్టుబడి కావలసి యుండెను. 2020లో దేశమును గట్టెక్కించిన చిన్న కుట్టు కర్మాగారముల యజమానులలో అంత పెట్టుబడి పెట్టగలవారెందఱు?

మన తెలుగు దేశమున విశాఖపట్టణమందు 270 ఎకరములలో వైద్యపరికరములకై మెడ్‌టెక్ జోను వెలసినది. 2020లో పరీక్షా కిట్లును, ప్రాణవాయు యంత్రములును అచట తయారయ్యెను. స్థలము, ప్రయోగశాలలు, పనివారు ఉన్నచో ఏమి సాధింపవచ్చునో అది చూపినది. అట్టి స్థలమున సైతము నిలుకడగల కొనుగోలు లేనిదే మాస్కుల యంత్రము తిరుగదు.

మనకు కావలసిన చట్టము

మఱి చట్టమెట్లుండవలెను? సామాన్యులకు దెలియునట్లు చెప్పుదుము.

మొదటిది, కాలావధి. ప్రభుత్వాసుపత్రులు కొను రక్షణసామగ్రిలో నిర్ణీతభాగమునకు మూడేండ్లకు తగ్గని ఒప్పందములు చేసికొనవలెను. సరకు చేరిన యిన్ని దినములలో డబ్బు చెల్లింపవలెనని గూడ చట్టమునందే వ్రాయవలెను. చెల్లింపు ఆలస్యమైనచో చిన్న కర్మాగారము పరదేశపు పోటీ లేకుండగనే చచ్చును.

రెండవది, నడిమి పదార్థము. మెల్ట్‌బ్లోన్ పొర, కుట్టుపై పట్టీ, గ్లౌజుల రసాయనములు, వీనికి వేర్వేరుగా స్వదేశీయాంశము నిర్ణయించి, ఏటేట పెంచుచు పోవలెను. మొత్తము విలువలో సగమన్న లెక్క చాలదు.

మూడవది, నాణ్యము. భారతీయ ప్రమాణముల సంస్థ 2020లోనే వైద్యపు అంగీలకు ఐ.ఎస్. 17423 అను ప్రమాణమును నిర్ణయించినది. ఆ ప్రమాణమున నెగ్గని సరకు స్వదేశీయమైనను పనికిరాదు. అంగడినుండి నమూనాలు ఆకస్మికముగా దెచ్చి పరీక్షింపవలెను. దొంగ యోగ్యతాపత్రముతో అమ్మినవానిని కఠినముగా శిక్షింపవలెను. ముతక ఖద్దరు ధరించుట త్యాగమే. చిల్లుపడిన మాస్కును నర్సుకు తొడిగించుట మాత్రము త్యాగము గాదు, ద్రోహము.

నాల్గవది, నిలువ. ప్రతి రాష్ట్రమున కొన్ని మాసములకు సరిపోవు సరకు నిలువయుండవలెను. గడువు తీరకముందే పాత సరకును ఆసుపత్రులకు పంపుచు, దాని స్థానమున క్రొత్త సరకును కొనుచుండవలెను. గాదెలో పాతధాన్యమును ముందు వాడి క్రొత్తధాన్యమును నింపు రైతు పద్ధతియే యిది. ఇట్లు చేసినచో నష్టము తక్కువ, యంత్రమునకు ఏడాది పొడవునను పని. అదనముగా కొన్ని కర్మాగారములు పిలిచిన వెంటనే ఉత్పత్తి పెంచుటకు సిద్ధముగా నుండునట్లు వానికి కొంత రుసుము చెల్లింపవచ్చును. ఆ నెలలలో మంటలు లేవని అగ్నిమాపకదళమునకు జీతము మానుచున్నామా?

ఐదవది, రాష్ట్రములు. ప్రజారోగ్యము, ఆసుపత్రులు రాజ్యాంగమున రాష్ట్రముల జాబితాలోనివి. మన రెండు రాష్ట్రములలోను ప్రభుత్వాసుపత్రులకు సరకు కొనుటకు ప్రత్యేకసంస్థలు గలవు. తమిళనాడు 1998లోను, కర్ణాటక 1999లోను టెండర్లకు తమ శాసనములు తాము చేసికొన్నవి. ఢిల్లీ కదలువఱకు వేచియుండ నవసరము లేదు. రాష్ట్రసాయమును బొందు ప్రైవేటు ఆసుపత్రులను గూడ ఈ నియమము క్రిందికి దెచ్చినచో అమెరికా శాసనపు పెద్దలోపము మనకు తప్పును.

ఆక్షేపణములు

స్వదేశపు సరకునకు ధర హెచ్చునని మొదటి ఆక్షేపణము. కొంత హెచ్చవచ్చును, దాచుట యేల? పేదరోగికి మందునకై యుంచిన డబ్బు మాస్కులకు పోరాదు. కనుక ఎంత హెచ్చుధర వఱకు అంగీకరింపవచ్చునో చట్టమే హద్దు పెట్టవలెను. ధరలను బహిరంగముగా ప్రకటింపవలెను. ఆపత్కాలమున ఒక్క నెలలో చెల్లించిన హెచ్చుధరలను, సుఖకాలమున చెల్లించు స్వల్పభేదముతో పోల్చి చూడవలెను.

రక్షణ పొందిన పరిశ్రమ సోమరియగునని రెండవ ఆక్షేపణము. ఈ భయము క్రొత్తది గాదు. 1921–22 నాటి ఫిస్కల్ కమిషను పరిశ్రమల రక్షణకు షరతులు విధించినది. 1924లో ఉక్కు పరిశ్రమకు రక్షణనిచ్చిన శాసనము మొదట మూడేండ్లకే పరిమితమై, విచారణ పిమ్మట మరల పొడిగింపబడినది. అట్లే ఈ చట్టమును ఐదేండ్లకు జేసి, నిష్పాక్షికమైన విచారణ పిమ్మటనే పొడిగింపవచ్చును. దేశరక్షణకు అవసరమైన పరిశ్రమలను తక్కిన షరతులతో నిమిత్తము లేకుండ కాపాడవలెనని ఆ కమిషనే సిఫారసు చేసినది. రోగమునుండి దేశమును రక్షించు వస్తువు రక్షణసామగ్రి గాక మఱేమి?

అంతర్జాతీయ వాణిజ్యనియమములు అడ్డగింపవా యనునది మూడవ ప్రశ్న. ప్రభుత్వము తన వాడుకకై కొను సరకులో స్వదేశమునకు ప్రాధాన్యమిచ్చుట ఆ నియమములకు విరుద్ధము గాదు. ప్రపంచ వాణిజ్యసంస్థయందలి ప్రభుత్వపు కొనుగోళ్ళ ఒడంబడికలో మన దేశము చేరలేదు. కాని వ్రాతలో జాగ్రత్త వలయును. సౌరఫలకములు స్వదేశీయములై యుండవలెనని మనము పెట్టిన నియమము 2016లో ఆ సంస్థ యెదుట ఓడిపోయినది. ఏలయన ప్రభుత్వము కొన్నది విద్యుత్తు, నియమము పెట్టినది ఫలకములపైన. మాస్కును ప్రభుత్వము తానే కొని తన ఆసుపత్రులలో వాడును గనుక ఆ దోషము తగులదు. కొనుగోలుకు నియమము పెట్టుడు గాని, ప్రైవేటు అంగడికి నిషేధము పెట్టకుడు. ప్రైవేటు ఆసుపత్రికి సాయమిచ్చునప్పుడు షరతును ఎట్లు వ్రాయవలెనో ఆ రంగమున నిపుణులను విచారించి వ్రాయుట మేలు.

ఇతర దేశములు తలుపులు మూసికొన్నప్పుడు మనము పడిన బాధ మఱువరాదు. మనమును అట్లే మూసికొనరాదు. మన యవసరము తీరిన పిమ్మట మిగిలిన సరకును ఇరుగుపొరుగు పేదదేశములకు పంపగల స్థితియే నిజమైన స్వదేశి. ఉత్పత్తి శక్తి లేనివానికి దానము చేయు భాగ్యము లేదు.

మన కర్తవ్యము

చట్టము చేయువారు శాసనసభలో నుందురు. చేయించువారు ఇట్టి పఠనమందిరములలో నుందురు. కావున మీలో ప్రతియొక్కరును మీ యూరి ప్రభుత్వాసుపత్రికి పోయి మూడు ప్రశ్నలడుగుడని మా ప్రార్థన. ఇచట రక్షణసామగ్రి నిలువ ఎన్ని దినములకు సరిపోవును? అది ఎచట తయారైనది, దాని నడిమి పొర ఎచటిది? దానిని ఎవరు, ఎప్పుడు పరీక్షించిరి? సమాధానము నోటితో రానిచో 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము క్రింద వ్రాతమూలకముగా నడుగుడు. వచ్చిన సమాధానములను గూర్చి మీ శాసనసభ్యునికి, పార్లమెంటు సభ్యునికి జాబులు వ్రాయుడు. ఒక్క యూరినుండి ఒక్క జాబు పోయిన ఫలముండకపోవచ్చును. ప్రతి తాలూకానుండి పోయినచో శాసనసభలో ప్రశ్న పుట్టును, ప్రశ్ననుండి బిల్లు పుట్టును.

కోవిడుచే వందలకొలది వైద్యులు, ఎందఱో నర్సులు, కార్మికులు మన దేశమున అసువులు బాసిరి. అంటువ్యాధి మరల రాదని చెప్పగలవారు లేరు. ఎప్పుడు వచ్చునో చెప్పగలవారును లేరు. మనవారు రెండు మాసములలో బావి త్రవ్వగలరని 2020లో లోకమునకు జూపిరి. ఆ రెండు మాసములలో రక్షణ లేక నిలువబడినవారి ఋణము మనపై నున్నది. తెప్పను గట్టుట మనకు తెలిసినది. ఇప్పుడు దానిని ఒడ్డున కట్టివేసి, తడిసి చివుకకుండ కాపాడు త్రాడు కావలెను. ఆ త్రాడే మేము కోరుచున్న చట్టము.